నాంచారయ్య పరిచిన చెక్క బాతులు

బాతుల్ని పట్టాలంటే నీళ్ళలో ముందు ఏం వెయ్యాలో ఎవరైనా చెప్తారా? గింజలా? కాదు. వలా? అది తర్వాత. బాతుల్నే వెయ్యాలి! నవ్వకండర్రా, నిజమే చెప్తున్నాను. చెక్కతో బాతుల్ని చేసి, రంగు వేసి, నీళ్ళ మీద తేలేసేవాళ్ళు. పైన ఎగిరే నిజం బాతులు వాటిని చూసి, 'మనవాళ్ళు హాయిగా కూర్చున్నారు, ఇక్కడ భయమేమీ లేదు' అనుకుని పక్కనే దిగేవి. అలా మోసం చేసి పిలిచే చెక్క బాతుల్నే దీమం బాతులు అనేవాళ్ళు. ఇప్పుడైతే అడవి బాతుల్ని పట్టడం నేరం. ఈ కథ ఆ చట్టం రాకముందుది. ఈ చిక్కుడుకాయలు ఒలుస్తూ చెప్తాను, వినండి.

కొల్లేట్లో ఒక లంక ఊళ్ళో నాంచారయ్య, ఆయన తమ్ముడు తాతబ్బాయి ఉండేవాళ్ళు. ఇద్దరికీ తమ తెలివి మీద మహా నమ్మకం.

"ఊళ్ళో వాళ్ళకి ఒక పని చెబితే సగం చేస్తారు, సగం మరిచిపోతారు. మేం అలా కాదు. ఎంత చెబితే అంతా చేస్తాం" అనేవాడు నాంచారయ్య.

"అంతకంటే ఒక్క పిసరు ఎక్కువ కూడా చెయ్యం" అని తాతబ్బాయి కలిపేవాడు.

అదీ నిజమే. ఒకసారి నాంచారయ్య పెళ్ళాం సూరమ్మ, "వానొస్తే వడియాలు లోపల పెట్టు" అని చెప్పి బయటికి వెళ్ళింది. ఆకాశం నల్లబడింది. నాంచారయ్య వడియాల పక్కనే నిలబడ్డాడు. వాన పడి, వడియాలు జావయ్యాక, ఆ జావ ఎత్తి భద్రంగా లోపల పెట్టాడు. "రాకముందే ఎలా తీస్తానే? వస్తే అన్నావుగా!" అన్నాడు. సూరమ్మ ఒక్క క్షణం ఆలోచించి, "అవును, నేనలాగే అన్నాను" అని ఒప్పుకుంది. ఆ ఇంట్లో అందరి తెలివీ ఒకటే మరి.

సూరమ్మ తండ్రి గవరయ్య పేరున్న బాతుల వేటగాడు. మోకాళ్ళు అరిగిపోయి ఇక దోనె నడపలేనన్నాడు. దోనె అంటే తాటిమాను తొలిచి చేసిన పడవ. అది లేకపోతే కొల్లేట్లో గట్టు దాటి చేప కూడా పట్టలేరు. గవరయ్యకి అల్లుళ్ళిద్దరు. "దోనె ఎవరికివ్వాలి?" అని ఆలోచించి, ఒకరోజు పొద్దున్నే నాంచారయ్యనీ తాతబ్బాయినీ ఎక్కించుకుని కొల్లేటి మధ్యలో ఉన్న ఒక మిట్ట మీద దింపాడు. కడుపు కింద తన పేరు రాసుకున్న ఇరవై చెక్క బాతులు, ఒక వల చేతికిచ్చాడు.

"అల్లుడూ, పొద్దు నడినెత్తికొచ్చేసరికి వస్తాను. అప్పటికి నీ చేతిలో ఒక్క బాతుంటే చాలు, ఈ దోనె నీది. లేదా, చిన్నల్లుడికి ఇచ్చేస్తాను. సరిగ్గా విను. ఒక్కో బాతుకీ రాయి కట్టు, కొట్టుకుపోకుండా. అన్నీ గాలికి ఎదురుగా చూడాలి. మధ్యలో చాపంత చోటు వచ్చే బాతులకి వదులు. అవి వచ్చేటప్పుడు ఊపిరి బిగబట్టి కూర్చో. అంతే."

"చెప్పావుగా మావా, ఇక చూసుకో!" అన్నాడు నాంచారయ్య. దోనె తనదే అయిపోయినట్టు దాని అంచు ఒకసారి నిమిరాడు కూడా.

ఇంకేముంది, పని మొదలైంది. మావ రాయి అన్నాడు కానీ ఎంత రాయో చెప్పలేదు. తాతబ్బాయి పొయ్యి రాళ్ళంత రాళ్ళు ఏరుకొచ్చాడు. మొదటి బాతు బుడుంగుమంది. రెండోదీ బుడుంగుమంది.

"అన్నా, మునిగిపోయాయి!"

"మునగవూ మరి? బాతులన్నాక మునుగుతాయి. చేప దొరికాక పైకొస్తాయిలే."

కాసేపు చూశారు. రాలేదు. "వీటికి ఆకలి ఎక్కువలా ఉంది" అనుకుని, మిగిలిన వాటికి చిన్న రాళ్ళు కట్టారు.

ఎక్కడ కట్టారనుకున్నారు? తోకకి! ఇక్కడ కాస్త ఆలోచించండి. తాడు రొమ్ముకి కడితే బాతు దానంతటదే గాలి వచ్చే వైపు తిరుగుతుంది. తోకకి కడితే? గాలికి వీపు పెడుతుంది. అంతే, పద్దెనిమిది బాతులూ వీపులు పెట్టేశాయి. నాంచారయ్య నడుములోతు నీళ్ళలో దిగి ఒక్కోదాన్నీ పట్టుకుని ఇటు తిప్పాడు. వదిలితే అటు తిరిగింది.

"ఏయ్, మావ చెప్పాడు, ఇటు చూడు!" అని ఒకదాన్ని కసిరాడు. ఇంకోదాన్ని బతిమాలాడు. మరోదాని నెత్తిన ఒక్కటిచ్చాడు. పైన ఎగురుతున్న నిజం బాతుల గుంపు ఒకటి ఇదంతా చూసింది. ఒక చుట్టు తిరిగి, ఈ ఊరివాళ్ళ వరస మనకి పడదన్నట్టు వెళ్ళిపోయింది.

"అన్నా, మధ్యలో ఖాళీ!" అని గుర్తుచేశాడు తాతబ్బాయి. చాపంత చోటు కొలిచి వదిలారు. దాన్ని ఎవరూ ఆక్రమించకుండా తాతబ్బాయి మెడలోతు నీళ్ళలో కూర్చుని కాపలా కాశాడు. అంతలో రెండు నిజం బాతులు సర్రున దిగాయి, సరిగ్గా ఆ చోట్లోనే.

"ఉష్! ఉష్! లేవండి! ఇది బాతుల కోసం ఉంచిన చోటు!" అని తాతబ్బాయి నీళ్ళు చల్లాడు. అవి లేచిపోయాయి.

"ఒరే, అవి బాతులే కదరా?" అన్నాడు నాంచారయ్య అనుమానంగా.

"అవెక్కడి బాతులన్నా! బాతులు ఎలా ఉంటాయో మనకి తెలీదా? ఒంటి నిండా రంగు, కడుపు కింద మావ పేరు. వాటి కడుపు కింద ఒక్క అక్షరం లేదు, నేను చూశాగా."

నాంచారయ్యకి అది సబబుగానే తోచింది. కానీ పొద్దు పైకెక్కుతోంది. దోనె చిన్నల్లుడి ఇంటి ముందు కట్టేసి ఉన్నట్టు కళ్ళకి కట్టింది. "పేరు లేకపోయినా పర్వాలేదురా, ఏదొచ్చినా రానియ్యి" అని తమ్ముణ్ణి తుంగ చాటుకి లాక్కొచ్చాడు. వల భుజాన వేసుకున్నాడు. దూరంగా అయిదు బాతులు కనిపించాయి. నాంచారయ్య ఊపిరి బిగబట్టాడు.

అవి ఒక చుట్టు తిరిగాయి. రెండో చుట్టు. మూడో చుట్టు. మావ ఊపిరి బిగబట్టమన్నాడు గానీ వదలమనలేదు. నాంచారయ్య మొహం వంకాయ రంగుకి తిరిగింది. కళ్ళు బైర్లు కమ్మాయి. బాతులు దిగాయి, నాంచారయ్య స్పృహ తప్పి వలతో సహా వాటి మీద పడ్డాడు!

అంతే, అయిదు బాతులూ వల్లో! తాతబ్బాయి అన్నని పైకి లాగి, వీపు చరిచి, ఊపిరి తిప్పించాడు. ఇద్దరూ మిట్ట మీద గంతులేశారు. "దోనె మనదేరా!"

అక్కడితో ఊరుకుంటే కథ లేదు. నాంచారయ్యకి ఆలోచన వచ్చింది.

"తమ్ముడూ, చెక్క బాతులే అయిదింటిని పిలిచాయి. మరి ప్రాణమున్న బాతుల్ని పెడితే ఎన్నొస్తాయి?"

"అమ్మో! దోనె పట్టదన్నా!"

ఇంకేముంది, వల విప్పారు. "వీటికి రాయెందుకు, చెవులున్నాయి, చెబితే వింటాయి" అని నాంచారయ్య బాతుల ముందు నిలబడి, "కదలకండి. గాలికి ఎదురుగా ఉండండి" అని చెప్పి వదిలాడు. బాతులు తుర్రుమన్నాయి.

"చూశావా, గాలికి ఎదురుగానే వెళ్తున్నాయి! సగం మాట విన్నాయి."

"ఎక్కడికన్నా?"

"ఎక్కడికేంటి, చుట్టాల్ని పిలవడానికి."

కూర్చున్నారు. పొద్దు నడినెత్తికి వచ్చింది, చుట్టాలు రాలేదు. నాంచారయ్య లేచాడు. "అయిదే వెళ్తే ఎన్నిళ్ళు తిరుగుతాయి? వీటిని కూడా సాయం పంపుదాం" అని చెక్క బాతుల తాళ్ళు టపటపా కోసేశాడు. పద్దెనిమిదీ గాలివాటున బారులు తీరి పోయాయి.

అప్పుడే గవరయ్య వచ్చాడు. దోనె దిగి అటూ ఇటూ చూశాడు. "అల్లుడూ, బాతులేవి?"

"అయిదు పట్టాం మావా."

"ఏవీ?"

"మిగతావాటిని పిలుచుకు రావడానికి వెళ్ళాయి."

"మరి నా చెక్క బాతులు?"

"తోడెళ్ళాయి."

గవరయ్య తల పట్టుకుని మిట్ట మీద కూలబడ్డాడు. మావ దిగులు చూసి నాంచారయ్యకి మనసు కరిగింది. మావకి కూడా తొందరగానే ఉంది పాపం అనుకున్నాడు. అన్ని బాతులు అంత దూరం నుంచి రావాలంటే రెక్కలు నొప్పెట్టవూ? అంతే, దోనెని రెండు చేతులా బలంగా ఒక్క తోపు తోశాడు. గాలి అందుకుంది. చూస్తూండగానే దోనె తుంగ దాటి, నడి కొల్లేట్లోకి వెళ్ళి, చుక్కంత అయిపోయింది.

"ఓరి నీ తెలివి తెల్లారా! ఏం చేశావురా?" అని గవరయ్య గావుకేక పెట్టాడు. "చుట్టూ నిలువులోతు నీళ్ళు! ముగ్గురం ఇంటికెలా పోతాం?"

"అదేంటి మావా అలా అంటావు?" అన్నాడు నాంచారయ్య, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టి దూరంగా చూస్తూ. "బాతులు దోనెక్కి వస్తాయిగా. అవి దిగాక మనం ఎక్కుదాం."

వచ్చాయా అంటారా? మీరే చెప్పుకోండి. లేవనివ్వండర్రా, సగం ఒలిచిన చిక్కుడుకాయలు చేటలో అలాగే ఉన్నాయి.