నరసాయమ్మ ఊపిరి తీసుకునే చోటు

ఎడిటర్ వేదాచలం గారి దగ్గర పని నేర్చుకున్నవాళ్లంతా ఆయన గురించి ఒకే మాట చెబుతారు. అడిగినదానికి ఆయన జవాబు చెప్పరు. చేసిన పని చూపిస్తే చివరిదాకా కదలకుండా చూస్తారు, కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటారు, లేచి వెళ్లిపోతారు. బాగుందో లేదో ఆ తుడుచుకునే తీరును బట్టి ఊహించుకోవాలి. ఇందుమతి ఆరేళ్లుగా ఊహించుకుంటూనే ఉంది. ఈ పాట దగ్గరికి వచ్చేసరికి ఆమెకు ఆ ఓపిక కూడా అయిపోయింది.

పాట నాలుగున్నర నిమిషాలు. విజయనగరం వైపు ఒక పల్లెలో పైడమ్మ, నరసాయమ్మ అనే అక్కచెల్లెళ్లు నలభై ఏళ్లుగా నాట్లలో పాడుకున్న పాట. ఒకరు పాట పాదం ముగించి విడిచిన చోట రెండోవారు అందుకుంటారు. ఒక మ్యూజిక్ కంపెనీ వాళ్లు మూడు కెమెరాలతో ఆ ఊరు వెళ్లి, ఇద్దరినీ పొలం గట్టు మీద కూర్చోబెట్టి పాడించి, వీడియో తీసి తెచ్చారు. దాన్ని కూర్చే పని యూసుఫ్‌గూడలో, రెండో అంతస్తులోని వేదాచలం గారి గదికి వచ్చింది. ఆయన దాన్ని ఇందుమతి చేతిలో పెట్టారు.

మొదట్లో కంపెనీ తరఫున వచ్చే శశాంక్‌కు వేగం కావాలి. సెకనుకో షాట్ మారాలని ఇందుమతితో అన్నాడు. మార్చింది. తర్వాత డాన్సు చేసేవాళ్లను విడిగా తీసి పంపాడు. వాళ్లను ఇరికించింది. ఆకాశంలోంచి తీసిన పొలాలు ఎక్కువ కావాలన్నాడు. ఎక్కువ చేసింది. ఎనిమిదోసారి మార్పులు పూర్తయిన రోజే కబురు వచ్చింది. చెల్లెలు నరసాయమ్మ జ్వరంతో నాలుగు రోజులు మంచాన పడి చనిపోయిందట. షూటింగు జరిగి అప్పటికి ఇరవై రోజులు.

"ఇప్పుడిక ఎమోషన్ మీద వెళ్దామండీ," అన్నాడు శశాంక్. అతను చెడ్డవాడేమీ కాదు. 

ఇందుమతి మళ్లీ మొదటినుంచీ కూర్చుంది. డాన్సులు తీసేసింది. నరసాయమ్మ ముఖం ఎక్కడ బాగా పడిందో వెతికి, నెమ్మది చేసి, ఎండ ఆమె చెంప మీద పడేలా పేర్చింది. పద్నాలుగోసారి చూపించినప్పుడు కంపెనీలో ఇద్దరు కళ్లు తుడుచుకున్నారు. వేదాచలం గారు మాత్రం అద్దాలు తుడుచుకుని లేచారు.

ఆమె ఆయన దారికి అడ్డంగా నిలబడింది. అంతకు ముందెన్నడూ అలా చేయలేదు.

"సార్, వాళ్లందరికీ నచ్చింది. మీరేమీ అనరు. ఏది ఉంచాలో, ఎక్కడ తెంచాలో తెలుసుకునేదెలా? ఈసారైనా చెప్పండి. లేకపోతే నేనీ పని మానేస్తాను."

ఆమె కోపంగా అనలేదు. కోపం తెచ్చుకునేంత బలం లేదు. ఊళ్లో ఉద్యోగం చూసి పెడతానన్న అన్నయ్య మాట రెండు వారాలుగా ఆమె మనసులో మెదులుతూనే ఉంది.

వేదాచలం గారు అద్దాలు పెట్టుకున్నారు.

"ఆ పెద్దావిడ ఇప్పుడెక్కడుందమ్మా?"

"బోరబండలో, కూతురింట్లో ఉందట సార్."

"రమ్మను," అని వెళ్లిపోయారు.

మర్నాడు మధ్యాహ్నం పైడమ్మ కూతురి చెయ్యి పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. ఏసీ చల్లదనానికి కొంగు భుజాల చుట్టూ కప్పుకుని కుర్చీ అంచున కూర్చుంది. ఇందుమతి పాట వేసింది. ముసలామె రెప్ప వేయకుండా చూసింది. తెర మీద చెల్లెలి ముఖం పెద్దదై, నెమ్మదిగా, వెలుగులో ఇటు తిరిగింది. కూతురు వెక్కివెక్కి ఏడ్చింది. పైడమ్మ ఏడవలేదు.

"బాగుంది తల్లీ," అంది అయిపోయాక. ఆ మాట ఎవరింటికో భోజనానికి వెళ్లి చెప్పే మాటలా ఉంది. తెరవైపు వేలు చూపి, "మా సెల్లి ఏటి సేస్తంది అందులో?" అని అడిగింది.

"పాడుతోందమ్మా."

"నేదమ్మా. నవ్వుతంది. పాడినప్పుడు అది నవ్వదు. నవ్వితే గొంతులో తెలిసిపోతాది."

ఇందుమతికి గుర్తొచ్చింది. ఆ నవ్వు పాట మొదలుకాకముందు ఎవరో హాస్యమాడితే వచ్చినది. ముఖం అందంగా పడిందని ఆమే దాన్ని తెచ్చి పాట మధ్యలో పెట్టింది. వేదాచలం గారు గోడకానుకుని వింటున్నారు. 

"పాడేటప్పుడు మీ చెల్లెలు ఎలా ఉంటుందమ్మా?" అని అడిగింది చివరికి.

"ఏమో తల్లీ. నానెప్పుడూ దాని మొకం సూడనేదు. నడుం వొంచి నాట్లేస్తా ఉంటే మొకం ఎలా అవుపిస్తాది? పక్కనుంచి మెడ సూసేదాన్ని. ఊపిరి తీసేటప్పుడు ఇక్కడ లేస్తాది." తన గొంతు కింది గుంట మీద వేలు పెట్టి చూపించింది. "అది లేవగానే నానందుకుంతాను. నలబై ఏళ్లూ అదే సూసినాను."

వాళ్లు వెళ్లాక ఇందుమతి పాటను మళ్లీ వేసి చూసుకుంది. అక్కచెల్లెళ్లు ఊపిరి తీసుకున్న ప్రతి చోటా తాను షాట్ మార్చింది. అక్కడ పాట లేదు కదా అని పొలాలు వేసింది, కొంగలు వేసింది, మబ్బులు వేసింది. స్టూడియోలో ఆ ఊపిరి చప్పుళ్లు కూడా తుడిచేశారు. శుభ్రంగా ఉందని అందరూ మెచ్చుకున్నారు.

ఆ తర్వాత రెండు రోజులూ ఆమె మూడు కెమెరాల్లో తీసి తెచ్చినదంతా మొదటినుంచీ చూసింది. మూడో కెమెరాలో ఒక షాట్ దొరికింది. పనికిరాదని తనే పక్కన పడేసినది. కెమెరా పట్టినవాడు గట్టు మీద జారి నిలదొక్కుకునేలోపు నరసాయమ్మ ముఖం ఫ్రేము పైకి తప్పిపోయి, మెడ, భుజం, చెవి కమ్మ మాత్రమే పడ్డాయి. ఆమె పాదం ముగిస్తుంది. గొంతు కింద గుంట పడి, మెల్లగా లేస్తుంది. ఇందుమతి ఆ షాట్‌ను పాటలో ఆ పాదం దగ్గరే పెట్టి, ఎటూ మార్చకుండా వదిలేసింది. పొలంలో పట్టిన అసలు శబ్దంలోంచి ఆ ఊపిరినీ వెనక్కి తెచ్చింది. మిగతా చోట్లా మబ్బులూ కొంగలూ తీసేసింది. చేస్తున్నంతసేపూ ఇది బాగుంటుందన్న నమ్మకమేమీ ఆమెకు లేదు. నడుము నొప్పిగా ఉంది. ఇదే ఆఖరుసారి అనుకుంటూ చేసింది.

పైడమ్మ మళ్లీ వచ్చింది. వేదాచలం గారు మళ్లీ గోడకానుకున్నారు. పైడమ్మ అదే కుర్చీ అంచున కూర్చుంది. పాట సాగింది. తెర మీద ఆ మెడ వచ్చింది. చెల్లెలి పాదం ముగిసింది. గదిలో ఏ చప్పుడూ లేదు. గొంతు కింది గుంట లేచింది.

కుర్చీలోంచి పైడమ్మ అందుకుంది.

రికార్డులోని తన గొంతు కంటే వెంట్రుకవాసి ముందే అందుకుంది. రెండు గొంతులూ కలిసి ఒక పాదం నడిచాయి. అప్పుడు తనే పాడుతున్నానని తెలిసి, సిగ్గుపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొంగు వెనక ఆమె భుజాలు కదలడం ఇందుమతి చూసి, తల తిప్పుకుంది.

వెళ్లేటప్పుడు ముసలామె ఇందుమతి రెండు చేతులూ పట్టుకుంది. "అది అలాగే తీస్తాదమ్మా ఊపిరి," అంది.  కూతురు ఆటో కోసం తొందరపెడుతోంది.

సాయంత్రం శశాంక్ ఫోన్ చేశాడు. అంతా బాగానే ఉందట. ఆ మెడ షాట్ ఒక్కటే ఎందుకో ఖాళీగా ఉందట. అక్కడ ఆకాశం పెడదామన్నాడు. ఇందుమతి కుదరదంది. ఆమె అతనికి కుదరదని చెప్పడం అదే మొదలు. అతనూ అలసిపోయి ఉన్నాడేమో, రెండుసార్లు అడిగి, మీ ఇష్టం అని పెట్టేశాడు.

వేదాచలం గారు గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటున్నారు.

"ఒప్పుకున్నాడు సార్," అంది. "కానీ అక్కడ ఖాళీగా ఉందనే అంటున్నాడు."

ఆయన రెండో చెప్పులో కాలు దూర్చి, గోడ పట్టుకుని నిలబడ్డారు.

"ఖాళీయేనమ్మా," అన్నారు. "ఎవరు అందుకునే ఖాళీయో అతనికి తెలీదు, అంతే."