చెంగల్వ పేరు పెట్టి చదివిన వాదం

భైరవయ్య గారిని ఏదైనా అడిగితే జవాబుకు బదులు ఒక పని అప్పజెప్పేవారు. ఆ పని ముగిసేసరికి అడిగినవాళ్ళకు తాము అడిగిందేమిటో అప్పుడే మొదటిసారి అర్థమయ్యేదని ఏటిమొగ ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. చెంగల్వ సంగతి అలాంటిదే.

చెంగల్వ ఎక్కడినుంచో వచ్చి ఆయన పంచన చేరిన పిల్ల. చదువు అంతంత మాత్రమే గానీ, గొంతు మాత్రం దేవుడు తీరిక చేసుకుని ఇచ్చిన గొంతు. ఆమె చదువుతుంటే పాలు పితికేవాళ్ళ చేతులు వాటంతటవే ఆగిపోయేవి. అందుకే ఊరి సభకు ఏ రాత వచ్చినా చదివే పని ఆమెదే. పైగా ఏది చదివితే దాంట్లో పడి కొట్టుకుపోయే మనిషి. వెన్నెల మీద పద్యం చదివిన రోజున పట్టపగలే ఆమె కళ్ళకు వెన్నెల కాసేది.

అప్పటికి మూడేళ్ళుగా వానలు మొహం చాటేశాయి. ఊరిపెద్ద రాయప్ప దొర దిక్కుతోచక, తన కొలువులో ఉన్న కేదార పండితుణ్ణి దీనికి కారణమేమిటో రాసి ఇమ్మన్నాడు. పండితుడు రాసిచ్చాడు. చెంగల్వ సభలో చదివింది.

కుమ్మరులు ఈ ఊరికి వచ్చిన ఏడాదే వానలు తగ్గాయట. వాళ్ళు కుండలు కాల్చే ఆవం పొగ ఆకాశానికి లేస్తుందట. చెడ్డమాట విన్న చుట్టం గడప దాకా వచ్చి వెనుదిరిగినట్టు, ఆ పొగ సోకిన మేఘం కొండ దాకా వచ్చి వెళ్ళిపోతుందట. ఎండిన చేను నోరు తెరిచిన పసిబిడ్డలా ఆకాశం కేసి చూస్తోందట. కాబట్టి కుమ్మరులు ఊరు విడిచిపోవాలి. పసిబిడ్డ అన్నచోట చెంగల్వ గొంతు వణికింది. సభంతా కళ్ళు తుడుచుకుంది. అదేమిటని అడిగిన నాథుడు లేడు.

అయితే ఆ ఊరికో కట్టుబాటు ఉంది. మనుషులను వెళ్ళగొట్టమనే రాతను ఒకసారి చదివితే చాలదు, మర్నాడు మళ్ళీ చదివాకే తీర్పు. దొర సభను మర్నాటికి వాయిదా వేశాడు.

ఇంటిదారిలో కుమ్మరివాడ దాటుతూ చెంగల్వ ఆగిపోయింది. ఓబమ్మ అనే ముసలి కుమ్మరావిడ పచ్చికుండలను ఒక్కొక్కటే నీళ్ళలో తడిపి, నొక్కి, మళ్ళీ మట్టిముద్ద చేస్తోంది. కాల్చని కుండ బండెక్కితే పగిలిపోతుంది, వదిలిపోవడానికి చేతులు రావు. అలికిడికి తలెత్తి చెంగల్వను చూసింది. ఆ మొహంలో కోపం లేదు.

"ఎంత బాగా చదివావు తల్లీ. మేం పోవాల్సిందేనని నాకూ అనిపించింది" అంది.

చెంగల్వ పరుగున గురువుగారి దగ్గరికి వెళ్ళింది. ఆయన చేట ముందేసుకుని తోటకూర ఒలుస్తున్నారు. చదువుతుంటే ఒళ్ళు పులకరించిందని, అంత అందమైన మాట అబద్ధం ఎలా అవుతుందని, నిజమే అయితే ఓబమ్మ మాట విని తానెందుకు పరుగెత్తుకొచ్చిందని గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోయింది. చివరికి, "రాసినదాంట్లో నిజమెంతో చదివేవాళ్ళకు ఎలా తెలుస్తుంది గురువుగారూ?" అని అడిగింది.

"నువ్వు ఈ ఊరొచ్చి ఎన్నాళ్ళయింది?"

మూడేళ్ళయిందంది.

"అయితే రేపు కుమ్మరుల పేరున్నచోటల్లా నీ పేరు పెట్టి చదువు. గొంతు మాత్రం తగ్గించకు."

మరి పొగ సంగతేమిటని అడిగితే, నీ దగ్గర పైకి లేచేది ఏముందో అది పెట్టమన్నారు. మళ్ళీ తోటకూరలో పడిపోయారు.

మర్నాడు సభకు వెళ్తూ చెంగల్వ దారిలో రెండుసార్లు ఆగింది. నిన్న ఆ గొంతు ఓబమ్మ చేతే ఔననిపించింది. ఇవాళ అదే గొంతు తనను ఊరు దాటిస్తే? ఈ ఊరు తప్ప తనకు దిక్కేది? అయినా నిలబడి, రాత అదేనని, కుమ్మరుల పేరూ పొగా మాత్రమే మార్చానని దొరకు చెప్పి మొదలుపెట్టింది.

చెంగల్వ ఈ ఊరికి వచ్చిన ఏడాదే వానలు తగ్గాయి. ఆమె పాట ఆకాశానికి లేస్తుంది. చెడ్డమాట విన్న చుట్టంలా, ఆ పాట సోకిన మేఘం కొండ దాకా వచ్చి వెళ్ళిపోతుంది. ఆమె ఒక్క పలుకూ తగ్గించలేదు. ముందు వరుసలో రెండు తలలు ఔనన్నట్టు మెల్లగా ఊగడం ఆమె చూసింది. ఒకాయన పసిబిడ్డ దగ్గర అలవాటుగా కళ్ళు కూడా ఒత్తుకున్నాడు. "కాబట్టి చెంగల్వ ఊరు విడిచిపోవాలి" అని ముగించింది.

మొదట తేరుకున్నది దొరగారి తల్లి. "నువ్వెందుకు పోతావే పిచ్చిపిల్లా! నువ్వొచ్చిన ఏడాదే వానలు తగ్గితే అది నీ..." అంటూ సగంలో ఆగి, తల తిప్పి ఓబమ్మ కేసి చూసింది. ఆవిడ వెనకే సభంతా చూసింది.

పండితుడు లేచి, పాటకు మేఘం బెదరడం ఎవరు చూశారని గద్దించాడు.

"పొగకు బెదరడం తమరు చూశారా, అయ్యా?" అంది చెంగల్వ. సవాలుగా అనలేదు. తెలుసుకోవాలనే అడిగింది.

పండితుడు తన రాతను చేతిలోకి తీసుకుని మొదటినుంచీ వెతుక్కున్నాడు. చుట్టం ఉన్నాడు, గడప ఉంది, పసిబిడ్డ ఉంది. తాను చూసింది మాత్రం ఎక్కడా లేదు. రాత మడిచి కూర్చున్నాడు. దొర నవ్వాపుకోలేక కుమ్మరులతో, "వెళ్ళండి, ఆవం పేర్చుకోండి" అన్నాడు.

ఇక ఆ సందడి ఏం చెప్పేది! కుమ్మరిపిల్లలు కుండల మీద దరువేస్తూ చెంగల్వను వాడకు తీసుకెళ్ళారు. సాయంత్రం ఆవం ముట్టించారు. బండి కోసం పోగేసిన సామానంతా మళ్ళీ ఇళ్ళలోకి చేరింది. పొగ నీలిచీర అంచులా కొండ మీదికి సాగుతుంటే, చెంగల్వకు తన బతుకులో అంత అందమైనది ఇంకేదీ చూడలేదనిపించింది. సరిగ్గా అప్పుడే ఎటునుంచో చల్లగాలి వీచింది. ఓబమ్మ రెండు చేతులూ పైకెత్తింది. "చూశారా, ఈ తల్లి నోరు విప్పింది, గాలి తిరిగింది. ఈమె గొంతుకు వాన దిగొస్తుంది" అంది. వాడంతా ఔనౌనని కేక పెట్టింది.

చెంగల్వ మొహం ఆవం మంటలో కెంపులా వెలిగింది. ఔను కాబోలు అనుకుంది. ఆ సంతోషంతోనే గురువుగారి వైపు తిరిగింది.

భైరవయ్య గారు ఆమె తల నిమిరారు. "పొద్దుటి రాతలో నీ పేరు లేదు, నువ్వే తెచ్చి పెట్టుకున్నావు. ఈ ఓబమ్మ మాటలో నీ పేరు ముందే ఉంది. ఇప్పుడు ఎవరి పేరు పెట్టి చదువుతావమ్మా?" అన్నారు.