పాత ఏటి పల్లంలో ముంగిస

పిల్లలూ, అనగనగా ఒక పట్నంలో, తుమ్మచెట్లు మొలిచిన ఒక పల్లం ఉండేది. ఒకప్పుడు ఏరు వంకర్లు తిరుగుతూ అక్కడే పారేది. మనుషులు ఏటిని పక్కకు మళ్లించి సిమెంటు గోడలు కట్టారు. పాతదారిలో మట్టి పోసి పూడ్చారు.

ఆ పల్లంలో చంద్రి అనే ముంగిస బొరియ తవ్వుకుని మూడు పిల్లల్ని పెట్టింది.

ఒకరోజు ఓబులవ్వ అనే ముసలి తాబేలు అటుగా వచ్చింది. "నేను పుట్టింది ఇక్కడే తల్లీ. ఇది ఏరు. పెద్దవాన పడితే నీళ్లు ఈ దారినే వస్తాయి. పిల్లల్ని తీసుకుని రైలుకట్ట మీదికి వెళ్లిపో" అంది.

చంద్రి పక్క బొరియలో ఉండే పందికొక్కు గున్నయ్యను అడిగింది. గోడలు అంత ఎత్తున ఉంటే నీళ్లెలా వస్తాయని గున్నయ్య తీసిపారేశాడు. మూడేళ్లుగా తన కాలైనా తడవలేదన్నాడు. కట్ట మీద చూస్తే అంతా కంకర, తవ్వడం కష్టం. చంద్రి ఉండిపోయింది.

వాన మొదలైంది. మొదటిరోజు చంద్రి పదిసార్లు బయటికొచ్చి గోడ వైపు చూసింది. రెండోరోజు చీమలు గుడ్లు మోసుకుంటూ చెట్లెక్కాయి. చంద్రికి తిండి సయించలేదు. మూడోరోజు పొద్దున చిన్నపిల్ల, "అమ్మా, పొట్టకింద చల్లగా ఉంది" అంది. చంద్రి తడిమి చూసింది. బొరియ అడుగునుంచే నీరు ఊరుతోంది.

ఇక ఆగలేదు. పెద్దపిల్లను నోట కరుచుకుని కట్ట మీదికి పరుగెత్తింది. తిరిగొచ్చేసరికి పొట్ట లోతు నీళ్లు. గున్నయ్యను పిలిస్తే, దాచుకున్న గింజలు వదిలి రానన్నాడు. చిన్నపిల్లను తుమ్మకొమ్మ మీదికి ఎక్కించి, "గట్టిగా పట్టుకో, ఇప్పుడే వస్తా" అని చెప్పి, రెండోపిల్లతో పరుగు తీసింది.

దాన్ని కట్ట మీద దించిందో లేదో, గోడ మీదుగా ఏరు దూకింది. పాత వంకర్లన్నీ గుర్తున్నట్టు మలుపు మలుపునా తిరిగి పల్లమంతా నిండిపోయింది. తుమ్మచెట్టు కనబడలేదు. చంద్రి ఒడ్డున అటూ ఇటూ తిరిగింది. నీళ్లలోకి అడుగు వేసింది, వరద వెనక్కి తోసేసింది.

చాలాసేపటికి నీళ్లలో నల్లటి డిప్ప ఒకటి తేలింది. ఓబులవ్వ. వీపు మీద చిన్నపిల్ల కరుచుకుని ఉంది.

"ముందే చెప్పావవ్వా. నేనే వినలేదు" అంటూ చంద్రి పిల్లను దగ్గరికి లాక్కుంది. ఓబులవ్వ గున్నయ్యను వెతకడానికి మళ్లీ నీళ్లలోకి దిగింది. సాయంత్రానికి ఒక్కతే తిరిగొచ్చింది.

వరద తగ్గాక ఒక కుందేలు జంట ఆ పల్లంలో తవ్వడం మొదలుపెట్టింది. చంద్రి కట్ట దిగి వాళ్ల దగ్గరికి వెళ్లింది. కూర్చుని, గున్నయ్య సంగతి మొదటినుంచీ చెప్పింది.

నీతి: ఇల్లు కట్టుకునే ముందు ఆ చోటు ఒకప్పుడు ఎవరిదో తెలిసినవాళ్లను అడగాలి, వాళ్ల మాట నచ్చకపోయినా వినాలి.