గురివింద గింజా, పట్టుశాలువా

వెదురుకోట ఏలే చిత్తరాజుగారికి కరువు ఏడాదిలో ఒక ముచ్చట పుట్టింది. ధాన్యపు కొట్టు తాళాలు ఎవరికివ్వాలో తాను చెప్పనని, ఊళ్ల పెద్దలూ కొలువువాళ్లూ ఓటు వేసి తేల్చాలని అన్నాడు. పోటీకి ఇద్దరు నిలిచారు: ఊరూరా గంజి కాచి పోస్తున్న ఎర్రసాని, కోశాధికారి ప్రోలయ్య. ప్రోలయ్య చేతికి తాళాలు వెళితే గింజ బయటికి రాదని అందరికీ తెలుసు.

విదూషకుడు తిప్పనకు ఇంకా బాగా తెలుసు. జనం ఆకలి తలుచుకుని అతని కడుపు తరుక్కుపోయింది. ముందు తలుచుకున్నది మాత్రం తన భోజనమేనని అతనే ఒప్పుకున్నాడు.

కోశాధికారి పదవికి జరిగిన కిందటి ఎన్నికకు ఉపాయం చెప్పిందీ తిప్పనే. నచ్చినవారి పేరున సభలో వేలాడే గొలుసుకు ఎవరి ముద్ర ఉన్న లంకె వాళ్లు తగిలించాలి. ఎవరూ తెంచలేరు, అందరూ చూడొచ్చు. ఇక దొంగ ఓటు మాటే ఉండదని మీసం మెలేశాడు. నిజంగానే ఒక్క ఓటూ దొంగతనం కాలేదు. ప్రోలయ్య గొలుసు కింద నిలబడి, ముద్రలు చదువుకుంటూ దర్జాగా కొనుక్కున్నాడు.

ఈసారి తిప్పన గొలుసు తీయించి తెర కట్టించాడు. లోపల ఒక కుండ. ఎర్రసానికైతే గురివింద గింజ, ప్రోలయ్యకైతే చింతగింజ. మనిషికి రెండూ ఇస్తారు, ఒకటి వేయాలి.

ప్రోలయ్య నవ్వుకున్నాడు. మిగిలిన గురివింద తెచ్చి చూపించినవాడికి పట్టుశాలువా అని లోపాయికారీగా కబురు పంపాడు. అది చెవిన పడగానే తిప్పన నెత్తి కొట్టుకున్నాడు. తన బుర్రకు చిల్లు ఎప్పుడూ ఒకే చోట పడుతుందని తిట్టుకుని, కుండ దాటాక తెర లోపలే ఒక బుట్ట పెట్టించాడు. దాని నిండా రెండు రకాల గింజలూ ఉన్నాయి. మిగిలిన గింజ అందులో పారేసి, కావాలంటే నచ్చిన గింజ తీసుకుపోవచ్చు.

ఓట్లయ్యాయి. ఆ బుట్ట గింజలు పారేయడానికేనని ప్రోలయ్య అనుకున్నాడు. శాలువాలన్నీ ఖర్చయ్యాయి. సభలో కుండ బోర్లిస్తే అన్నీ గురివిందలే దొర్లాయి. వాటి మధ్య ఒంటరిగా ఒక్క చింతగింజ, అది ప్రోలయ్యదే.

"ఇది మోసం ప్రభూ," అని లేచాడు ప్రోలయ్య. "ప్రతివాడూ మిగిలిన గురివింద నా చేతిలో పెట్టాకే కదా శాలువా పట్టుకెళ్లాడు!"

ప్రోలయ్య నాలుక కరుచుకున్నాడు. రాజు తిప్పన వైపు తిరిగి, ఏమిటయ్యా ఈ శాలువాల గోల అన్నాడు.

"ఓటు వేసేవాళ్లను గుట్టుగా ఉండమన్నాను ప్రభూ. కొనేవారికి ఆ మాట చెప్పడం మరిచాను. నా ఉపాయాల్లో ఏదో ఒకటి మిగిలిపోతూనే ఉంటుంది."

రాజు పడీపడీ నవ్వాడు. తాళాలు ఎర్రసాని చేతిలో పెట్టించి, ప్రోలయ్యను గంజి కడవలు మోయడానికి పంపాడు. తర్వాత తన భుజం మీది శాలువా తీసి తిప్పనకు కప్పబోయాడు. తిప్పన సిగ్గుపడుతూ రెండడుగులు వెనక్కి వేశాడు.

"వద్దు ప్రభూ, ప్రోలయ్యగారు నాకు పొద్దున్నే కప్పారు."