మైనంతో పూడ్చిన మద్దిగిన్నె

తుమ్మెదల కోన అనే అడవిలో జింకలు, కుందేళ్ళు, ఎలుగులు, కొండముచ్చులు కాపురముండేవి. అక్కడ గిన్నెలు చేసేవాళ్ళు ఇద్దరే. ఒకడు కొండముచ్చు గండప్ప, రెండోది ముళ్ళపంది ఈరమ్మ. ఇద్దరూ మద్దిచెట్ల బుడిపెలు కోసుకొచ్చి, తరిమెన అనే తిరుగుడు చట్రం మీద గిరగిరా తిప్పుతూ ఉలితో చెక్కేవాళ్ళు. బుడిపె ఎంత వంకరదైతే గిన్నె మీద అంత అందమైన సుడులు తేలేవి.

గండప్పకు తన పనితనమంటే తగని గర్వం. అబ్బో, కాళ్ళు నేల మీద ఆనేవి కావు!

ఒకసారి అతని గిన్నె అడుగున ఎండు కణుపు ఊడి బొక్క పడింది. గండప్ప గతుక్కుమన్నాడు. ఎవరూ చూడకుండా ఆ బొక్కలో తేనెమైనం కూరి, మసి పూసి, నున్నగా రుద్దేశాడు. "అందానికి పెట్టుకునే గిన్నె. ఇందులో ఎవరేం పోస్తారులే" అనుకున్నాడు.

ఈరమ్మ గిన్నెకూ అలాంటి బొక్కే పడింది. ఆమె చెక్కమేకు బిగించి, అందరికీ చూపించి మరీ చెప్పింది.

"అయ్యయ్యో, అతుకుల గిన్నె!" అని గండప్ప పగలబడి నవ్వాడు.

"అతుకే నాయనా. కారకపోతే చాలు" అంది ఈరమ్మ.

ఆ వానాకాలం గండప్ప కొడుకు బుజ్జులుకు విషజ్వరం తగిలింది. పిల్లాడు కళ్ళు తెరవడం లేదు. వైద్యం తెలిసిన ఎలుగుబంటి భల్లయ్య కొండెక్కి, ఒకే ఒక్క వేరు తవ్వి తెచ్చి, కుండలో కషాయం కాచాడు.

"ఈ వేరు మళ్ళీ ఏడాదికి గాని దొరకదు. ఒక్క చుక్క ఒలికినా కష్టమే. చల్లార్చి పట్టాలి, గిన్నె తెండి!" అన్నాడు.

గండప్ప భార్య సింగి పరుగున పోయి ఆ మద్దిగిన్నె ఎత్తుకొచ్చింది. "మా ఆయన చేసింది. కోనలో దీన్ని మించిన గిన్నె లేదు!" అంది.

గండప్ప నోరు తెరిచాడు. చుట్టూ చూశాడు. అడవి అడవంతా అక్కడే ఉంది, ఈరమ్మతో సహా. ఇప్పుడు చెబితే పరువు గంగలో కలుస్తుంది. "కాసేపటికే ఏం కరుగుతుందిలే" అనుకుని నోరు మూసుకున్నాడు. చూశారా బుద్ధి! కన్నబిడ్డ కంటే పరువే ఎక్కువైంది.

సలసల కాగే కషాయం పడగానే మైనం కరిగిపోయింది. గిన్నె అడుగు నుంచి మందు ధార కట్టి మట్టిలో ఇంకిపోయింది.

భల్లయ్య చేతిలో కుండ అలాగే ఆగిపోయింది. సింగి నేల మీద పడి, తడిసిన మట్టిని పిండి పిల్లాడి నోట్లో పోయబోయింది.

"ఏమిటయ్యా ఇది?" అన్నాడు భల్లయ్య.

"మైనం. నేనే పెట్టాను" అన్నాడు గండప్ప.

"తెలిసి తెలిసీ పోయనిచ్చావా?" అంది సింగి.



ఈలోగా ఈరమ్మ ఉరికి తన అతుకుల గిన్నె తెచ్చి పట్టింది. కుండలో మిగిలిన సగం కషాయం అందులో పోశారు. చుక్క కారలేదు. తెల్లారేసరికి పిల్లాడు కళ్ళు తెరిచాడు. కానీ పడింది సగం మందే కదా, జ్వరం వాడి ఎడమ చెవి వినికిడిని తీసుకునే పోయింది.

అప్పటి నుంచి గిన్నె కావాలంటే అందరూ ఈరమ్మ గుమ్మానికే పోయేవారు. గండప్పను అడిగినవారు లేరు. అతని బాధ అదొక్కటే కాదు. ఎడమ పక్క నుంచి "నాన్నా బుజ్జులూ" అని పిలిచినప్పుడు పిల్లాడు పలక్కుండా ఆడుకుంటూనే ఉంటే, గండప్ప లేచి వాడి కుడి పక్కకు వెళ్ళి మళ్ళీ పిలిచేవాడు.

నీతి: పనిలో తప్పు దొర్లితే చెప్పి దిద్దుకోవాలి; పరువు కోసం దాచిన తప్పు చివరికి మన కొంపే ముంచుతుంది.