వాగు నడుమ గీత

అనగనగా ఒక అడవి, ఆ అడవికి నడుమ ఒక వాగు. పిల్లలూ, గోల ఆపి వినండి. ఇది పకపకా నవ్వుకునే కథ కాదు. ఒక అడవిపంది తలెత్తుకోలేకపోయిన కథ.

ఆ పంది పేరు గునపయ్య. మూతి గునపంలా ఉండేది కాబట్టి ఆ పేరు వచ్చింది. వాగుకి దక్షిణపు ఒడ్డున, ఈతపొదల్లో, భార్య నూకాలుతో కాపురం ఉండేవాడు. ఉత్తరపు ఒడ్డున గౌరమ్మ అనే ముసలి ఏనుగు ఉండేది. రెండు ఒడ్డులకూ ఆవిడే పెద్ద. ఏ తగవు వచ్చినా ఆవిడ ఉండే మద్దిచెట్టు కిందికే వెళ్ళాలి.

ఆ అడవిలో ఒక కట్టుబాటు ఉండేది. ఎండాకాలంలో వాగు ఎండిపోగానే అందరూ కలిసి వాగు నడుమ చెలమ తవ్వేవారు. చెలమ అంటే ఇసకలో తవ్వుకునే నీళ్ళ గుంట. గౌరమ్మ కాళ్ళతో లోతుగా తవ్వేది. పందులు చుట్టూ నిలబడి జారిపడే ఇసకను మూతులతో వెనక్కి నెట్టేవి. నీళ్ళు ఊరాక చిన్నవాళ్ళు ముందు తాగాలి. తవ్వినవాళ్ళు అందరికంటే చివర తాగాలి.

గునపయ్యకు అలా చివర నిలబడటం నచ్చేది కాదు. "మూతి అరిగేలా పనిచేసేది నేను. ముందు తాగేది ముంగిసలా?" అని లోపల కుతకుతలాడేవాడు. ఆ మాట పైకి అనడానికి మాత్రం మొహం చెల్లలేదు.

ఒక వానాకాలం దక్షిణపు ఒడ్డున ఉండే బుల్లెమ్మ అనే ముంగిస బొరియలోకి నీళ్ళు వచ్చాయి. వాగు పొంగి ఉంది. పాపం, చుట్టూ తిరిగి, బండల మీదుగా దాటి, గౌరమ్మకు చెప్పుకుని సాయం తెచ్చుకునేసరికి బొరియ కాస్తా కూలిపోయింది. బుల్లెమ్మ లబోదిబోమంది.

గునపయ్యకు కావలసిన మాట దొరికింది.

"చూశారా! పెద్దరికం ఆ ఒడ్డున, కాళ్ళనొప్పులు ఈ ఒడ్డున! మన గోడు అక్కడికి చేరేలోపు మన కొంప మునుగుతోంది. మన ఒడ్డుకి మన పెద్ద ఉండాలి. అడవిని రెండు చెయ్యాలి!" అని అరిచాడు.

"నిజమే, నిజమే" అన్నారందరూ. నిజమే మరి. దూరమన్న మాట అబద్ధం కాదు.

ఇంటికి వచ్చాక నూకాలు అడిగింది. "ఏమయ్యా, నీ ఏడుపు బుల్లెమ్మ బొరియ కోసమా, మన ఒడ్డుకి పెద్దవై ఆ పెద్దరాయి మీద కూర్చోవడం కోసమా?"

"నీకు తెలీదు, ఊరుకో."

"నాకు తెలుసు కాబట్టే అడిగాను" అంది నూకాలు.

గునపయ్య దక్షిణపు ఒడ్డు వాళ్ళందరినీ వెంటేసుకుని మద్దిచెట్టు దగ్గరికి వెళ్ళాడు. గౌరమ్మ చెవులు ఊపుతూ అంతా వింది.

"మీకు అదే మేలనిపిస్తే అలాగే కానివ్వండి నాయనా. మరి చెలమ సంగతేమిటి?"

"మా చెలమ మేం తవ్వుకుంటాం" అన్నాడు గునపయ్య.

"ఏనుగు లేకుండానా?" అని చెట్టు మీంచి కోటప్ప కిచకిచా నవ్వాడు. కోటప్ప ఉత్తరపు ఒడ్డు కొండముచ్చు. నోరు ఊరుకోదు.

ఆ నవ్వు గునపయ్యకు గుచ్చుకుంది. వాగు నీళ్ళు తగ్గగానే ఇసకలోకి దిగి, ఈ చివరి నుంచి ఆ చివరిదాకా మూతితో గీత గీశాడు. "ఇటు మాది, అటు మీది. మా వాళ్ళెవరైనా ఈ గీత దాటితే వెలి!" అన్నాడు. వచ్చి పెద్దరాయి మీద కూర్చున్నాడు. చల్లగా, హాయిగా ఉంది.

కొన్నాళ్ళకు బుల్లెమ్మ వచ్చింది. "పెద్దయ్యా, నా కొత్త బొరియ పక్కన చెట్టు ఒరిగింది. ఎప్పుడు మీద పడుతుందో!"

గునపయ్య బురదలో పడుకుని ఉన్నాడు. "రేపు రా" అన్నాడు.

మర్నాడు వచ్చింది. "ఇప్పుడే తిని పడుకున్నాను. సాయంత్రం రా" అన్నాడు.

సాయంత్రం వచ్చింది. "పెద్దరికమంటే నీ ఒక్కదాని పనేనా?" అని కసిరాడు.

బుల్లెమ్మ వెనక్కి తిరుగుతూ అంది. "దూరం తగ్గింది పెద్దయ్యా. ఎదురుచూపులే తగ్గలేదు."

ఆ మాటకు గునపయ్య చెవులు వేడెక్కాయి. అయినా లేవలేదు.

ఎండలు ముదిరాయి. కుంటలు నెర్రెలిచ్చాయి. గునపయ్య తన వాళ్ళను తీసుకుని వాగులోకి దిగాడు. గీతకు ఇవతల ఒకచోట తవ్వితే బండ తగిలింది. ఇంకోచోట తవ్వితే ఉత్త పొడి ఇసక. మూడోచోట బాగా దిగాక చెమ్మ తగిలింది. అంతకంటే లోతుకి పంది మూతి దిగదు. దొరికిన ఆ పిడికెడు బురదనీళ్ళూ, "తవ్వినవాణ్ణి నేను" అంటూ గునపయ్యే ముందు తాగేశాడు. వెనక నిలబడ్డవాళ్ళు తడి ఇసక నాకి వెళ్ళిపోయారు.

అవతల ఒడ్డు నుంచి కోటప్ప అరిచాడు. "ఏం గునపయ్యా, నీ రాజ్యంలో నీళ్ళెలా ఉన్నాయి?"

"తియ్యగా ఉన్నాయి! కడుపు నిండా తాగుతున్నాం!" అన్నాడు గునపయ్య.

పక్కనే నాలుక పిడచకట్టుకుపోయిన నూకాలు ఉంది. ఒక్కసారి మొగుడి మొహంలోకి చూసి తల తిప్పుకుంది.

ఒకరోజు మిట్టమధ్యాహ్నం గునపయ్య వాగులోకి వస్తే, గీత దగ్గర చామంతి అనే దుప్పి నిలబడి ఉంది. దాని కాళ్ళ దగ్గర పిల్ల చుక్కి పడి ఉంది. పెదవులు ఎండిపోయాయి. డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి.

"ఇక్కడెందుకు నిలబడ్డావు?" అన్నాడు గునపయ్య.

"నీ గీత కదా పెద్దయ్యా, దాటితే వెలి అన్నావు. దాటకపోతే నా బిడ్డ దక్కదు. దాటనా? నువ్వే చెప్పు."

అవును అంటే తన మాట పోతుంది. కాదు అంటే పిల్ల పోతుంది. చుక్కి కళ్ళు మూతలు పడుతున్నాయి. నీళ్ళు ముందు తాగిన తన మూతికి ఇంకా తడి బురద అంటుకునే ఉంది. చామంతి ఆ బురద వైపే చూస్తోంది. గునపయ్యకు నేలలోకి దిగిపోవాలనిపించింది.

ఏ మూతితో గీశాడో ఆ మూతితోనే గీతను చెరిపేశాడు. "నా వెనక రా అమ్మా" అని అవతలికి నడిచాడు.

అక్కడ గౌరమ్మ చెలమలో నిలబడి తవ్వుతోంది. తవ్వినకొద్దీ ఇసక జారి గుంట పూడిపోతోంది. నెట్టడానికి పందులు లేవు. కోటప్ప చేతులతో ఎత్తిపోస్తున్నాడు గానీ ఒక మూలకు కూడా చాలడం లేదు. వాళ్ళ నాలుకలూ ఎండే ఉన్నాయి.

"అవ్వా, నా వల్ల కాలేదు. తియ్యగా ఉన్నాయని అబద్ధం చెప్పాను" అన్నాడు గునపయ్య తల వంచుకుని. తిడుతుందనుకున్నాడు. తిడితే కాస్త తేలికపడేవాడు.

గౌరమ్మ తిట్టలేదు. "ఇసక జారిపోతోంది నాయనా. ముందు ఇటువైపు పట్టు" అంది.

గునపయ్య తన వాళ్ళందరినీ కేకేశాడు. ఏనుగు తవ్వింది, పందులు నెట్టాయి. పొద్దు వాలేలోపు అడుగున నీళ్ళు తళుక్కుమన్నాయి. అందరూ పక్కకు జరిగి చామంతికి దారి ఇచ్చారు. ముందు చుక్కి తాగింది. తర్వాత బుల్లెమ్మ తాగింది. గునపయ్య అందరికంటే వెనక నిలబడ్డాడు. ఎవరూ చెప్పలేదు, తనే నిలబడ్డాడు.

అప్పుడు గౌరమ్మ అంది. "దూరమన్న మాట నిజమేరా. ఒక నెల సభ మద్దిచెట్టు కింద, ఒక నెల మీ ఒడ్డున పెడదాం. నేనే నడిచి వస్తాను."

గునపయ్య తెల్లబోయాడు. "అడిగితే అప్పుడే ఒప్పుకునేదానివా అవ్వా?"

"నువ్వు అది అడగలేదుగా నాయనా. నువ్వు అడిగింది వేరు."

అందరూ తాగాక అతని వంతు వచ్చింది. చెలమ దగ్గరికి వెళ్ళి మూతి వంచాడు. అంతలో చుక్కి వాళ్ళమ్మ కాళ్ళ చాటుకి జరిగి, భయంభయంగా అడిగింది.

"తాతా, నేను గీత అవతలి నీళ్ళు తాగేశాను. నన్ను వెలి వేస్తావా?"

గునపయ్య తాగకుండానే తల పక్కకు తిప్పుకున్నాడు. ఆ తర్వాత అతను పెద్దరాయి ఎక్కలేదు. చుక్కి మాత్రం చాలాకాలం అతను కనబడితే తల్లి చాటుకి జరిగేది. అలా జరిగినప్పుడల్లా గునపయ్య కళ్ళు నేల మీదికి దిగిపోయేవి.

నీతి: పదిమంది కష్టాన్ని అడ్డం పెట్టుకుని తన పెద్దరికం కోసం గీత గీసినవాడు, ఆ గీతను చెరపగలడు గానీ దానివల్ల పసివాళ్ళ మనసులో పడ్డ భయాన్ని చెరపలేడు.