తీతువుకు మంచమంత చోటు

అదిగో, మళ్ళీ అరిచింది. దుప్పటి తల మీదికి లాక్కోకు చిట్టీ, ఊపిరాడదు. అది తీతువు పిట్ట. అది మనకు చేసిన మేలేంటో తెలిస్తే నీ భయం పోతుంది. ఇటు తిరిగి పడుకో, చెప్తాను.

అనగనగా ఎర్ర గరుసు నేలల మధ్య ఒక ఊరు. ఆ ఊళ్ళో ఈరమ్మ అని ఒకామె ఉండేది. మొగుడు పోయాడు, చంకలో ఆడపిల్ల. ఆమెకు ఉన్నదల్లా ఎకరం చేను, ఒక సూడి గొర్రె. ఆ గొర్రె క్షేమంగా ఈనితేనే ఇల్లు గడిచేది.

ఈరమ్మకు పిట్టలంటే గిట్టదు. చిన్నప్పటి నుంచీ మంచె మీద నిలబడి వడిసెలతో వాటిని తోలిన మనిషి కదా, చేలో వాలినవన్నీ దొంగలేనని ఆమె నమ్మకం. ఏ పిట్ట గింజ తింటుందో, ఏది పురుగు తింటుందో ఆమెకు పట్టలేదు. ఒక్క తీతువు పేరు మాత్రం తెలుసు. అది అరిస్తే ఇంటికి కీడని ఊళ్ళో అందరూ అనేవాళ్ళు. అందుకని అది కనపడితే చాలు, ఈమె రాయి అందుకునేది.

ఒకరోజు సాయంత్రం గొర్రె కనపడలేదు. ఈరమ్మ గట్లన్నీ వెతికింది. అప్పుడు చేను అవతలి కొసన తీతువు అరవడం మొదలుపెట్టింది. అరుపంటే అలాంటిలాంటి అరుపు కాదు, చెవులు చిల్లులు పడేటట్టు. "గొర్రె కనపడక నేనేడుస్తుంటే నీ గోలొకటా" అని ఈరమ్మ కర్ర తీసుకుని దాన్ని తోలడానికి పరుగెత్తింది.

అక్కడికి పోయి చూస్తే గొర్రె ఈని ఉంది. ఒళ్ళు తడి ఆరని పిల్ల లేవలేక కాళ్ళు కొట్టుకుంటోంది. దానికి నాలుగడుగుల దూరంలో నక్క. ఈరమ్మ చేతిలో కర్ర ఉండనే ఉంది, విసిరింది. నక్క పరుగో పరుగు. ఆ తర్వాత పిల్లను కొంగులో చుట్టుకుని ఇంటికొచ్చి చాలాసేపు ఏడ్చింది. సంతోషానికి కూడా ఏడుపొస్తుందమ్మా.

తెల్లారింది. మేలు చేసిన పిట్టకు ఏదో ఒకటి పెట్టాలనుకుని, గుప్పెడు జొన్నలు తీసుకెళ్ళి చల్లింది. తీతువు వాటివైపు చూడనైనా చూడలేదు. గువ్వలు జంటగా దిగి తినిపోయాయి. మర్నాడు బొరుగులూ బెల్లమూ పెట్టింది. గోరింకలు కొట్లాడుకుంటూ బొరుగులు తిన్నాయి, బెల్లం చీమలు పట్టుకుపోయాయి. మూడో రోజు ఏకంగా జున్నుపాలు ముంతలో తెచ్చి పెట్టింది. నీకు నేను బతిమాలి పెట్టినా తినవే, ఆ జున్నుపాలే. కాకి వచ్చి ముంత దొర్లించేసింది. తీతువేమో ఆమె నెత్తి మీదికి దూకుతూ అరుస్తూనే ఉంది.

"దానికేం కావాలో తెలుసుకోకుండా నాకు తోచింది పెడుతున్నానే" అనుకుంది ఈరమ్మ. అప్పుడు కొంగు నెత్తిన వేసుకుని గట్టు మీద కూర్చుంది. చేతిలో రాయి లేకుండా పిట్టల్ని చూడటం ఆమెకు అదే మొదలు. ఎండు మోడు మీద నుంచి పాలపిట్ట దూకి మిడతల్ని పట్టడం చూసింది. పొద చాటున కౌజుపిట్ట పిల్లల్ని వెంటేసుకుని నడవడం చూసింది. తన చేలో ఇన్ని కాపురాలున్నాయని ఆమెకు అంతవరకూ తెలియదు.

తీతువును కూడా అప్పుడే సరిగ్గా చూసింది. కంటి ముందు ఎర్రటి తోలు ముక్క, పుల్లల్లాంటి పసుపుపచ్చ కాళ్ళు. నాలుగడుగులు ఉరుకుతుంది, ఆగి పురుగును పొడుచుకుంటుంది. గింజల జోలికే పోదు. ఈరమ్మ అటు నడిస్తే దాని అరుపు పెరుగుతుంది, ఇటు నడిస్తే తగ్గుతుంది. అరుపు పెరిగిన వైపే మెల్లగా పోయి వంగి చూసింది. గూడూ లేదు, పుల్లా లేదు. గులకరాళ్ళ నడుమ, అచ్చం గులకరాళ్ళ మాదిరే నాలుగు గుడ్లు.

అప్పుడర్థమైంది ఆమెకు. ఆ సాయంత్రం పిట్ట అరిచింది గొర్రె కోసం కాదు, నక్క తన గుడ్లు తినేస్తుందని. "పోనీలే తల్లీ, నీ పిల్లల కోసం అరిచి నా పిల్లనూ బతికించావు" అని చేతులెత్తి దండం పెట్టింది.

నాలుగు రోజులకు వాన పడింది. ఊళ్ళో విత్తనం వేసే గొర్రూ, ఎద్దులూ ఉన్నది మద్దిలేటి ఒక్కడికే. వంతులవారీగా అందరి చేలూ విత్తేవాడు. వంతు తప్పితే, మళ్ళీ వచ్చేసరికి నేలలో తడి ఆరిపోతుంది, ఆ ఏటికి తిండి ఉండదు. ఈరమ్మ వంతు వచ్చింది.

"అన్నా, ఆ మూల తీతువు గుడ్లుండాయి. చూసి తోలు" అంది ఈరమ్మ.

మద్దిలేటి నవ్వాడు. "కీడు పిట్ట గుడ్లకు కాపలానా? రాళ్ళల్లో గుడ్లు నాకే కనపడవు, ఎద్దులకేం కనపడతాయి? వద్దంటే చెప్పు, పక్క చేనికి పోతా."

విత్తకపోతే పిల్లకు సంగటి లేదు. విత్తితే పిట్టకు పిల్లలు లేవు. ఈరమ్మ ఇంటికి పరుగెత్తింది. నులకమంచం నెత్తిన పెట్టుకుని వచ్చి, నాలుగు మంచంకోళ్ళ మధ్య గుడ్లుండేటట్టు వేసింది.

"ఇప్పుడు కనపడుతుందా అన్నా, నీకూ నీ ఎద్దులకూ?"

మద్దిలేటి ఎద్దుల్ని అదిలించాడు. ఎద్దులు మంచాన్ని చూసి వాటంతటవే పక్కకు తిరిగాయి. చేనంతా విత్తారు, మంచమంత చోటు తప్ప.

ఆ తర్వాత మంచం తీసేసి, ఈరమ్మ గట్టు మీద ఊపిరి బిగబట్టి కూర్చుంది. తీతువు చుట్టూ తిరిగి తిరిగి, చివరికి గుడ్ల మీద కూర్చుంది. ఆ రోజు ఆమెను చూసి అది అరవలేదు. జొన్న మొలకెత్తేనాటికి నాలుగు పిల్లలూ బయటికొచ్చి, పుట్టిన రోజే పరుగులు పెట్టాయి. మరుసటేడు మద్దిలేటే కాడి దించి అడిగాడంట, "మంచం ఎక్కడ వేస్తావమ్మా?" అని.

ఆ గొర్రెపిల్ల పెరిగి మంద అయింది. ఆ మందతోనే ఈరమ్మ కూతురు పెరిగింది, ఈ ఇల్లు లేచింది. ఆ కూతురు ఎవరనుకున్నావు? మా అమ్మ. నిన్న చేలో గంతులేస్తుంటే "అక్కడ తొక్కొద్దు" అని తాత నిన్ను కసిరాడే, గడ్డి మొలిచిన ఆ చోటే ఈ మంచమంత చోటు. ఇప్పటికీ అక్కడ మనం విత్తం.

విను, అరుపు ఆగింది. నక్క పోయినట్టుంది. కిటికీ వైపు తిరిగి నువ్వూ ఒక దండం పెట్టి పడుకో.

కథ నడిచి కంచికి పోయె,
తీతువు గుడ్ల చెంతకు పోయె,
మా చిట్టి కళ్ళు నిద్దర పోయె.